ఉప్పునీటి చేపకు జబ్బు చేస్తే: మందు సీసా తెరిచే ముందు ఏం చూడాలి

చేప ఒంటిమీద తెల్లచుక్క కనపడగానే చెయ్యి మందు సీసా మీదికే పోతుంది. ఆ చేతిని ఒక్క గంట ఆపండి. ఉప్పునీటి చేపలకు వచ్చే జబ్బులు పైకి ఒకే పోలికతో ఉంటాయి గానీ, ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి పనిచేయదు. రాగి మందు ఇక్, వెల్వెట్ అనే రెండు పరాన్నజీవి జబ్బులను అదుపు చేస్తుంది. బ్రూక్లినెల్లా, యూరోనిమా అనే పరాన్నజీవులు దాన్ని లెక్కచేయవు. యాంటీబయోటిక్ వీటిలో ఏ ఒక్కదాన్నీ చంపదు సరికదా, ఫిల్టర్‌లో అమ్మోనియాను తినే బ్యాక్టీరియాను దెబ్బతీసి, అసలే నీరసించిన చేప మీద ఇంకో భారం మోపుతుంది.

నేను కూడా ఈ తొందరలోనే ఒక క్లౌన్‌ఫిష్ జంటను పోగొట్టుకున్నాను. ఒంటిమీద తెల్లగా ఏదో కనపడింది, ఇక్ అనుకున్నాను, వేరే ట్యాంక్‌లో పెట్టి రాగి వేశాను. మూడో రోజుకి రెండూ పోయాయి. రెండోది పోయిన పది నిమిషాలకు దాని ఒంటి జిగురు కాస్త గీకి మైక్రోస్కోప్ కింద పెడితే, చిక్కుడు గింజల్లాంటి జీవులు గుంపులు గుంపులుగా పాకుతూ కనిపించాయి. అది బ్రూక్లినెల్లా. ఆ గీకుడేదో మూడు రోజుల ముందు చేసి ఉంటే కథ వేరేగా ఉండేది.

కింద చెప్పే వరుస ఆ అనుభవం నుంచి వచ్చిందే. వరుస మార్చకండి. ముందున్నవి చేపను ముట్టుకోకుండా చేసేవి, తర్వాతివి పట్టుకుని చేసేవి.

ముందు నీళ్ళు

చేపను చూసే ముందు నీటిని పరీక్షించండి. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్, ఉప్పు సాంద్రత, ఉష్ణోగ్రత, ఈ అయిదూ చాలు. అమ్మోనియా సున్నా ఉండాలి. ఉప్పునీటి ట్యాంక్‌లో పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య ఉంటుంది కాబట్టి, మంచినీటి ట్యాంక్‌లో పెద్దగా పట్టించుకోని కొద్దిపాటి అమ్మోనియా కూడా ఇక్కడ విషమే. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషపు రూపం వాటా పెరుగుతుంది. నైట్రైట్ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. సముద్రపు నీటిలో ఉండే క్లోరైడ్ దాన్ని మొప్పల్లోంచి లోపలికి పోనివ్వదు. అందుకని నైట్రైట్ రీడింగ్ కొంచెం ఎక్కువ కనపడితే ఫిల్టర్ ఇంకా కుదురుకోలేదని అర్థం చేసుకోండి గానీ, చేప జబ్బుకు కారణం దొరికిందని సంబరపడకండి.

సాంద్రత 1.024 నుంచి 1.026 మధ్య, వేడి 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే సరే. సాంద్రత కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్ళ ఉప్పు) ద్రావణంతో సరిచూసి ఎన్నాళ్ళయిందో గుర్తు తెచ్చుకోండి. అది తప్పు చూపిస్తుంటే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి. అమ్మోనియాను కట్టిపడేసే కండిషనర్ ఈమధ్యే వేసి ఉంటే, కొన్ని టెస్ట్ కిట్లు లేని అమ్మోనియాను ఉన్నట్టు చూపిస్తాయి. అదీ గమనించండి.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఇబ్బంది అన్ని చేపలకూ ఒకేసారి మొదలైందా, ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చిందా, ఒక్కదానికే ఉందా? గంటా రెండు గంటల్లో అన్నీ కలిసి నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే, నత్తలు, రొయ్యలు కూడా డీలా పడి ఉంటే, తప్పు నీటిదే. ఆక్సిజన్ తగ్గి ఉండాలి, అమ్మోనియా పెరిగి ఉండాలి, లేదా ఏదో విషం పడి ఉండాలి. ముందు గాలి రాయి (పంపు గాలిని బుడగలుగా వదిలేది) వేసి, నీటి పైభాగం బాగా కదిలేలా చేసి, నీళ్ళు మార్చండి. రోజుల తేడాతో ఒక్కొక్కటిగా పాకితే అంటుజబ్బు. అన్నిటిలోకీ ఒక్కదానికే, అదీ ఒక వైపే ఉంటే గాయాన్ని అనుమానించాలి. రాతికి తగలడం, ఇంకో చేప కొట్టడం, వల గీసుకోవడం, ఇలాంటివి.

తర్వాత దూరం నుంచి చూడటం

ట్యాంక్‌కు నాలుగడుగుల దూరంలో పావుగంట కదలకుండా కూర్చోండి. చేతిలో ఒక కాగితం ఉండాలి. దగ్గరికి వెళ్తే చేప మేత వస్తుందనుకుని హుషారుగా ఈదుతుంది, మీరు చూడాల్సింది కనిపించదు.

ముందు ఊపిరి లెక్కపెట్టండి. మొప్ప మూత ఎన్నిసార్లు తెరుచుకుంటుందో 30 సెకన్లు లెక్కించి రెండుతో గుణించండి. జాతిని బట్టి, నీటి వేడిని బట్టి ఈ అంకె మారుతుంది. అందుకే చేపలు ఆరోగ్యంగా ఉన్న రోజునే లెక్కపెట్టి రాసి పెట్టుకున్నవాడు అదృష్టవంతుడు. అలా రాసి లేకపోతే, అదే జాతిలో బాగున్న ఇంకో చేపతో పోల్చండి. నా మటుకు నాకు, నిమిషానికి నూరు దాటితే ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోను. ఒంటిమీద ఏమీ కనపడకపోయినా ఊపిరి పెరిగిందంటే మొప్పల్లో ఏదో ఉన్నట్టే. మొప్ప మూత ఒకవైపు మూసుకుని, రెండోవైపుతోనే ఊపిరి తీస్తుంటే మొప్ప ఫ్లూక్‌లను (చేపకు అతుక్కుని బతికే చిన్న పురుగులను) తలుచుకోండి.

తర్వాత చేప ఎక్కడ ఉంటోందో రాయండి. పవర్‌హెడ్ (ట్యాంక్‌లో నీటిని తోసే చిన్న పంపు) ముందు, నీటి ధార ఎదురుగా నిలబడి, లైట్ అంటే ముడుచుకుపోయి, మేత ముట్టకపోతే అది వెల్వెట్ నడక. ఇసుకకో రాళ్ళకో ఒళ్ళు రుద్దుకుంటూ, తల విదిలిస్తూ, మాటిమాటికీ ఆవలిస్తున్నట్టు నోరు తెరుస్తుంటే ఫ్లూక్ కావచ్చు, ఇక్ తొలిదశ కావచ్చు. ఇక్ పట్టిన చేప చాలావరకు మేత తింటూనే ఉంటుంది. వెల్వెట్ పట్టింది, లోపల బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ ముదిరింది ముందు మేతే మానేస్తాయి. ఈ ఒక్క తేడా చాలాసార్లు దారి చూపిస్తుంది.

ఇక ఫోటోలు. గది చీకటి చేసి, టార్చ్‌ను చేప పక్క నుంచి ఏటవాలుగా పట్టి, రెండు వైపులా తీయండి. రోజూ ఒకే వేళకు తీయాలి. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

చుక్కలు ఎక్కడ ఉన్నాయన్నది కాదు, ఎప్పుడు మారాయన్నది

ఇక్ అని అందరూ పిలిచేది క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి. ఉప్పు గింజ చల్లినట్టు తెల్లగా, కాస్త ఉబ్బెత్తుగా, ఒక్కొక్కటి విడివిడిగా కనిపిస్తుంది. చేప చర్మం పైపొర కిందికి దూరి 3 నుంచి 7 రోజులు తిని, ఎక్కువగా రాత్రి వేళ చేపను వదిలి అడుగుకు దిగుతుంది. అక్కడ రాతికో ఇసుకకో అంటుకుని గట్టి పెంకు కట్టుకుంటుంది. ఆ పెంకులోపల విడిపోయి విడిపోయి, ఒక్కోదాని నుంచి వందా రెండు వందల దాకా పిల్లజీవులు పుట్టుకొస్తాయి. అవి ఒకటి రెండు రోజుల్లోపు చేపను పట్టుకోవాలి, లేకపోతే చస్తాయి. పెంకు దశ సాధారణంగా 3 రోజుల నుంచి 4 వారాల దాకా. 72 రోజుల తర్వాత పగిలినవీ నమోదయ్యాయి.

అందుకని ఇక్ చుక్కలు వస్తాయి, నాలుగైదు రోజుల్లో మాయమవుతాయి, వారం తిరక్కుండానో రెండు వారాలకో ముందుకన్నా ఎక్కువగా మళ్ళీ వస్తాయి. మాయమైన ఆ నాలుగు రోజుల్లో ఏ పదార్థం నీళ్ళలో వేసినా అదే నయం చేసిందనిపిస్తుంది. వెల్లుల్లి రసం దగ్గర్నుంచి సీసాల్లో అమ్మే మూలికల దాకా ఎన్నిటికో పేరొచ్చింది ఈ నాలుగు రోజుల వల్లే.

రోజూ ఫోటో తీయమన్నది ఇందుకే. నిన్నటి ఫోటోలో తోక మీద ఉన్న చుక్క వారం తర్వాత కూడా సరిగ్గా అక్కడే, అదే సైజులో ఉంటే అది ఇక్ కాదు. ఏ ఇక్ చుక్కా ఒకేచోట వారానికి మించి ఉండదు. రెక్కల అంచుల్లో గరుకుగా, క్యాబేజీ పువ్వులా పెరుగుతూ నెలలు ఉండిపోయేది లింఫోసిస్టిస్ అనే వైరస్ పని. దానికి మందు లేదు, అవసరమూ లేదు. శుభ్రమైన నీళ్ళు, మంచి మేత ఉంటే చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది. పొద్దున కనిపించి మధ్యాహ్నానికి పోయేవి మాత్రం ఇసుక రేణువులో, గాలి బుడగలో అయి ఉంటాయి. క్లౌన్‌ఫిష్ ఒంటిమీద నల్లటి మచ్చలు లేస్తే, అది ఈమధ్యే కొత్త ఎనిమోన్‌లోకో పగడంలోకో చేరిందేమో చూడండి. కుట్టించుకున్న మచ్చలు అలాగే ఉంటాయి.

వెల్వెట్, అంటే అమైలూడినియం ఒసెల్లేటమ్, వేరే కులం. ఇది డైనోఫ్లాజెల్లేట్ అనే ఏకకణ జీవుల గుంపులోది. ముందు మొప్పల్లో చెట్టు వేళ్ళలాంటివి నాటుకుని కూర్చుంటుంది, ఒంటిమీదికి తర్వాత వస్తుంది. చుక్కలు కావవి, పిండి చల్లినట్టు, మసక బంగారు రంగు ధూళి. ఎదురుగా చూస్తే కనిపించదు, ఏటవాలు వెలుతురులో చేప మలుపు తిరిగినప్పుడు తళుక్కుమంటుంది. చాలా చేపలు ఆ ధూళి కనిపించకముందే, కేవలం ఊపిరాడక చస్తాయి. వెచ్చటి నీళ్ళలో దీని జీవితచక్రం వారంలోపే పూర్తవుతుంది. ఒక్కోదాని నుంచి 256 దాకా పిల్లజీవులు వస్తాయి. కొత్త చేప తెచ్చిన వారంలో, చుక్కలేవీ లేకుండా, రెండు మూడు రోజుల్లో వరసగా చేపలు పోతుంటే ముందు దీన్నే అనుమానించండి. చుక్కలు ఒంటిమీద 30 దాకా లెక్కపెట్టగలిగితే ఇక్, లెక్కపెట్టలేకపోతే వెల్వెట్ అని ఒక మోటు లెక్క ఉంది. శాస్త్రం కాదు గానీ, తొలిచూపుకు పనికొస్తుంది.

బ్రూక్లినెల్లా హాస్టిలిస్ చుక్కలు పెట్టదు. చేప ఒంటిమీద పాలు పోసినట్టు మచ్చలు మచ్చలుగా తెల్లటి పొర, ఆ తర్వాత జిగురు తాళ్ళుగా ఊడి వేలాడటం. సముద్రంలో పట్టి తెచ్చిన క్లౌన్‌ఫిష్‌లలో ఎక్కువగా కనిపిస్తుంది, అలాగని వాటికే రావాలనేం లేదు. పెంకు దశ అంటూ దీనికి లేదు. చేప మీదే రెండుగా చీలి పెరుగుతుంది కాబట్టి ఇక్‌లా వచ్చిపోవడం ఉండదు, రోజురోజుకీ ఒకే దిక్కుగా ముదురుతుంది. మొదటి పొర కనపడిన దగ్గర్నుంచి చేప పోయే దాకా రెండు మూడు రోజులు కూడా పట్టకపోవచ్చు.

ఎల్లో ట్యాంగ్ లాంటి లేత రంగు చేపల మీద మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలుంటే అవి చిన్న చదునైన పురుగులు. వీటిని నల్ల ఇక్ అంటారు, ఇక్‌తో సంబంధమేమీ లేదు. ప్రాణం మీదికి తెచ్చేంత ప్రమాదం తక్కువ.

ఎర్రటి పుండు దగ్గర అసలు చిక్కు

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. చేప పక్కభాగంలో ఎర్రటి మచ్చ కనిపిస్తుంది, పొలుసులు ఊడతాయి, కింద కండ కనిపిస్తుంది. బ్యాక్టీరియా పుండా? యూరోనిమా మెరైనమా? కంటితో తేల్చడం నాకైతే చేతకాదు, తేల్చగలమన్న వాళ్ళ మాట నేను నమ్మను.

యూరోనిమా అసలు పరాన్నజీవిగా బతకనక్కర లేదు. ట్యాంక్ అడుగున కుళ్ళే చెత్తలో బ్యాక్టీరియాను తిని హాయిగా బతుకుతుంది. వీలు దొరికితే చేప చర్మం దాటి కండలోకి, అక్కడి నుంచి లోపలి అవయవాల్లోకి పోతుంది. లోపలికి పోయాక నీళ్ళలో వేసే మందు దాన్ని అందుకోలేదు. చేపలు లేకుండా ట్యాంక్‌ను ఖాళీగా ఉంచినా ఇది చావదు. క్రోమిస్‌లు, యాంథియాస్‌లు దీనికి ఎక్కువగా బలవుతాయి. ఆ జాతులు కొత్తగా వచ్చి, వారం రెండు వారాల్లో పక్కన ఎర్రటి గీతలా, దద్దురులా మొదలైతే యూరోనిమా వైపే నా మొగ్గు. అదే పుండు ఒక పెద్ద ఏంజెల్‌ఫిష్‌కు, దెబ్బ తగిలిన చోట మొదలైతే బ్యాక్టీరియా వైపు. ఇవి రెండూ మొగ్గులే, తీర్పు కాదు. తీర్పు గీకుడులోనే.

బ్యాక్టీరియా గుర్తులు కొన్ని ఉన్నాయి. పరాన్నజీవులు ఒంటి రెండువైపులా పరుచుకుంటే, బ్యాక్టీరియా దెబ్బ చాలాసార్లు ఒకచోట మొదలై అక్కడి నుంచి వ్యాపిస్తుంది. రెక్కల అంచులు తెల్లబడి చిరుగులు పడటం, రెక్కల మొదట్లో ఎర్రటి నరాలు తేలడం, నోటి చుట్టూ తినేసినట్టు అవడం, పొట్ట ఉబ్బడం, మలద్వారం ఎర్రబడటం, ఒంటిమీద రక్తపు మరకలు. నోటిని తినేసే రకానికి తరచుగా టెనాసిబాక్యులమ్ మారిటిమమ్ కారణం. ఒంటి పుండ్లు, రక్తం విషమెక్కడం ఎక్కువగా విబ్రియో, ఫోటోబ్యాక్టీరియం జాతుల పని. దూది పెరిగినట్టు కనిపించే దాన్ని ఫంగస్ అనుకోకండి. ఉప్పునీటి చేపల ఒంటిమీద అసలైన ఫంగస్ అరుదు, ఆ దూది చాలావరకు బ్యాక్టీరియా గుంపులూ, చచ్చిన చర్మమూ.

కళ్ళు చూడండి. ఒక కన్నే ఉబ్బితే, ఒక కన్నే మసకబారితే దెబ్బ. రెండు కళ్ళూ ఉబ్బితే లోపలి ఇన్‌ఫెక్షన్‌నో, నీటి తేడానో వెతకాలి. రెండు కళ్ళూ మసకబారి చేప ఒళ్ళు రుద్దుకుంటుంటే ఫ్లూక్‌లను మొదటి వరసలో పెట్టండి.

ఒక మాట మరిచిపోకూడదు. బ్యాక్టీరియా ఎప్పుడూ ట్యాంక్‌లో ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చేప చర్మాన్ని అది అంత తేలిగ్గా దాటలేదు. ఇక్ గానీ ఫ్లూక్ గానీ చర్మానికి చిల్లులు పెట్టాక ఆ దారిలో లోపలికి పోతుంది. పుండు కనిపించినప్పుడు, దారి తెరిచిందెవరో కూడా వెతకాలి. లేకపోతే పుండు మానుతుంది, చేప పోతుంది.

మేత బాగా తింటూనే నెలల తరబడి చిక్కిపోతూ, వెన్ను వంగి, పుండ్లు మానకపోతే మైకోబ్యాక్టీరియం మెరైనమ్‌ను అనుమానించండి. ఇది మనుషుల చర్మానికీ అంటుతుంది. చేతి మీద గీత పడి ఉన్నప్పుడు గ్లోవ్స్ లేకుండా ట్యాంక్‌లో చెయ్యి పెట్టకండి. వారాలు గడిచినా మానని గడ్డ వేలి మీద లేస్తే డాక్టర్‌కు అక్వేరియం సంగతి తప్పకుండా చెప్పండి, చెప్పకపోతే వాళ్ళకు తట్టే అవకాశం తక్కువ.

మంచినీళ్ళలో ముంచి చూడటం

ఫ్లూక్ అనుమానం ఉంటే దీన్ని మించిన పరీక్ష లేదు. నియోబెనెడినియా లాంటి చర్మపు ఫ్లూక్‌లు 2 నుంచి 5 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి గానీ, గాజులా పారదర్శకం కావడం వల్ల చేప మీద ఉన్నా కనపడవు. మంచినీళ్ళు తగలగానే తెల్లగా మారి రాలిపోతాయి.

ముదురు రంగు డబ్బా తీసుకోండి. క్లోరిన్ లేని ఆర్‌ఓ నీళ్ళు పోసి, ట్యాంక్ వేడికి తెచ్చి, వంట సోడాతో పీహెచ్‌ను ట్యాంక్ పీహెచ్‌కు సరిచేయండి. గాలి రాయి వేసి పావుగంట నడవనివ్వండి. వేడి, పీహెచ్ సరిచేయడంలో బద్ధకిస్తే పరీక్ష చేపను చంపుతుంది. ఆ తర్వాత చేపను 5 నిమిషాలు ఉంచి, పక్కనే కూర్చుని చూడండి. కొన్ని చేపలు వేసిన వెంటనే పక్కకు ఒరిగి కదలకుండా పడుకుంటాయి, కంగారు పడొద్దు, ఊపిరి ఆడుతుంటే చాలు. ఊపిరి ఆగుతున్నట్టనిపిస్తే, పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటుంటే వెంటనే తీసేయండి. చేప ఇప్పటికే నీరసించి ఆయాసపడుతుంటే ఈ పరీక్ష మొదలే పెట్టొద్దు.

చేపను తీశాక డబ్బా అడుగున టార్చ్ కొట్టండి. నువ్వుగింజల్లా తెల్లగా, కోడిగుడ్డు ఆకారంలో చదునుగా ఉన్నవి పడి ఉంటే ఫ్లూక్ ఖాయం. ఏమీ రాలకపోతే చర్మపు ఫ్లూక్ దాదాపు లేనట్టే, మొప్పల్లో ఉండే చిన్న ఫ్లూక్‌ల మాట మాత్రం ఇది తేల్చలేదు. ఇక్‌ను కూడా ఈ స్నానం తేల్చదు, తీర్చదు. అది చర్మం కింద దాక్కుని ఉంటుంది.

గీకి చూడటం

మైక్రోస్కోప్ అనగానే భయపడకండి. పిల్లలు స్కూల్లో వాడే రకం, 40, 100, 400 రెట్లు చూపించేది సరిపోతుంది. మందుల సీసాలకు పెట్టే ఖర్చుతో పోలిస్తే దీని ఖర్చు ఒక్కసారే.

స్లైడ్ మీద ఆ ట్యాంక్ నీటి చుక్క ఒకటి ముందే వేసి పెట్టుకోండి. కుళాయి నీళ్ళు వేశారో, చూడాల్సిన జీవులు పగిలిపోతాయి. తడిపిన గ్లోవ్స్‌తో చేపను మెత్తటి వలలో నీటికి పైపైన పట్టుకుని, కవర్ స్లిప్ (స్లైడ్ మీద కప్పే పల్చటి గాజు ముక్క) అంచుతో పక్క రెక్క వెనక నుంచి తోక వైపుకు, పొలుసులు తిరిగిన దిక్కుగానే ఒక్కసారి మెల్లగా లాగండి. పుండు ఉంటే పుండు నడిమధ్య కాదు, బాగున్న చర్మం కలిసే అంచు దగ్గర. వచ్చిన జిగురును చుక్క మీద పరిచి పది నిమిషాలలోపు చూడాలి. చేపను పట్టుకుని గీకే పని మాత్రం పదిహేను సెకన్లు దాటకూడదు. ముందు ఆరోగ్యంగా ఉన్న చేప మీద ఒకసారి చేసి చూస్తే, మామూలు జిగురు ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది.

40 రెట్ల దగ్గర మొదలుపెట్టండి. నల్లగా, గుండ్రంగా, నిదానంగా తనచుట్టూ తాను తిరిగే పెద్ద జీవి ఇక్. అది అర మిల్లీమీటరు దగ్గరికి రాగలదు కాబట్టే మామూలు కంటికి గింజలా కనిపించింది. కదలకుండా, గోధుమ రంగులో, బేరిపండు ఆకారంలో చర్మానికో మొప్పకో అతుక్కుని ఉన్నవి వెల్వెట్. ఇవి ఎక్కువగా 0.15 మిల్లీమీటరు లోపే. జలగలా ఒళ్ళు సాచి ముడుస్తూ, ఒక చివర కొక్కేలున్నది ఫ్లూక్. 100 రెట్లకు పెంచితే చిక్కుడు గింజ ఆకారంలో చదునుగా, జారుతున్నట్టు పాకేది బ్రూక్లినెల్లా, 0.06 నుంచి 0.08 మిల్లీమీటర్లు. ఇంకా చిన్నగా, నీటిబొట్టు ఆకారంలో, చూపు నిలవనంత వేగంగా పరిగెత్తేవి గుంపుగా ఉంటే యూరోనిమా. వీటికి 400 రెట్లు కావాలి. ఒకటి రెండు కనపడితే తొందరపడకండి. చెత్తలో బతికే ఇలాంటి జీవులు పాత పుండు మీద వచ్చి చేరడం మామూలే. పుండు అంచులో గుంపులుగా, ఎర్ర రక్తకణాలు మింగి ఉంటే అప్పుడు అనుమానం లేదు.

జీవులేవీ లేకుండా, పుండు మాత్రం ఉంటే బ్యాక్టీరియా అయ్యే అవకాశం ఎక్కువ. ఏ బ్యాక్టీరియా అన్నది ఈ మైక్రోస్కోప్ చెప్పదు. సన్నటి పొడవాటి దారాలు కుప్పలుగా ఉంటే టెనాసిబాక్యులమ్ అని ఊహించవచ్చు. విబ్రియోను ఆకారంతో గుర్తుపట్టలేం, దానికి కల్చర్ (ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూడటం), ఏ మందుకు లొంగుతుందో చూసే సెన్సిటివిటీ పరీక్ష కావాలి. చేపలు చూసే పశువైద్యుడు దొరికితే యాంటీబయోటిక్ ఆయన చెప్పాకే వాడండి. సగం డోసు, సగం రోజులు వాడి ఆపేయడం అన్నిటికన్నా చెడ్డది.

చేప చచ్చిపోతే ఏడుస్తూ కూర్చోకుండా వెంటనే గీకండి. ప్రాణం పోయిన కొద్దిసేపటికే పరాన్నజీవులు వదిలి వెళ్ళిపోతాయి, గంటలు గడిచాక చూసి ఏమీ లేవనుకోవడం తప్పు. మొప్ప మూత ఎత్తి రంగు చూడండి, చిన్న ముక్క కత్తిరించి స్లైడ్ మీద పెట్టండి. మొప్ప పాలిపోయి ఉంటే రక్తం తగ్గింది, జిగురు దట్టంగా కప్పి ఉంటే పరాన్నజీవినో అమ్మోనియానో వెతకాలి. వైద్యుడికి పంపాలంటే తడి సంచిలో ఫ్రిజ్‌లో ఉంచండి. గడ్డకట్టిస్తే కణాలు చితికిపోయి సగం ఆధారం పోతుంది.

తేలాక, తేలకపోయినా

మందు ఏదైనా వేరే ట్యాంక్‌లోనే. రాగి పడిన చోట పగడాలు, రొయ్యలు, నత్తలు బతకవు, రాళ్ళూ ఇసుకా దాన్ని పీల్చుకుని కొలత నిలబడనివ్వవు.

ఇక్ అయితే రాగి, లేదా సాంద్రతను 1.009 దాకా మెల్లగా దించి వారాలపాటు అక్కడే నిలపడం. వెల్వెట్‌కు ఆ దించడం పనిచేయదు, తక్కువ ఉప్పులోనూ అది బతుకుతుంది. దానికి రాగి, లేదా వైద్యుడు చెప్పే క్లోరోక్విన్. కాపర్ సల్ఫేట్ రకం రాగి లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. కీలేట్ చేసిన (రాగిని వేరే పదార్థంతో కట్టిపెట్టిన) రకాల అంకె వేరు, అందుకని సీసా మీది అంకెనే పాటించి, దానికి సరిపోయే టెస్ట్ కిట్‌తో రోజూ కొలవండి. బ్రూక్లినెల్లాకు ఫార్మలిన్. అది క్యాన్సర్ కారకం, నీటిలో ఆక్సిజన్‌నూ తగ్గిస్తుంది, కాబట్టి గాలి బాగా ఆడే చోట, గ్లోవ్స్‌తో, సీసా మీది మోతాదుతో మాత్రమే. ఫ్లూక్‌లకు ప్రాజిక్వాంటెల్. దాని దెబ్బ గుడ్లకు తగలదు కాబట్టి అవి పొదిగాక రెండోసారి వేయాలి.

ఏదీ తేలక, ఊపిరి మాత్రం గంటగంటకీ పెరుగుతుంటే నేను వెల్వెట్ అనే అనుకుని మొదలుపెడతాను. మిగతావాటికి ఒకటి రెండు రోజుల గడువుంటుంది, దీనికి ఉండదు. పొర ఊడుతున్న క్లౌన్‌ఫిష్ ఒక్కటే దీనికి మినహాయింపు.

ఇక్ అని తేలితే చేపలన్నిటినీ తీసి అసలు ట్యాంక్‌ను ఖాళీగా వదలాలి. 72 రోజుల లెక్కకు కాస్త కలిపి 76 రోజులు ఉంచడం అక్వేరియం వాళ్ళలో వాడుక. చుక్క ఉన్న ఒక్క చేపనే తీస్తే లాభం లేదు, మిగతావాటి మొప్పల్లో అది ఈసరికే చేరి ఉంటుంది.

రాగి మొదలుపెట్టాక తారీఖు రాసి పెట్టుకోండి. చర్మం కింద ఉన్న ఇక్‌ను రాగి ముట్టుకోలేదు, బయట ఈదే పిల్లజీవులనే చంపుతుంది. అందుకని మొదటి వారం పాత చుక్కలు ఉంటాయి, ఒకటి రెండు పెరిగినా బెదరకండి. కొలత ఒక్కరోజు కూడా తగ్గకుండా ఉండి, పదో రోజు తర్వాత కూడా కొత్త చుక్కలు లేస్తుంటే టెస్ట్ కిట్ తప్పు చెబుతున్నా ఉండాలి, మీరు పెట్టిన పేరు తప్పయినా ఉండాలి. ముందు ఇంకో కిట్‌తో కొలవండి. అంకె సరిగ్గానే ఉందా? మోతాదు పెంచకుండా కవర్ స్లిప్ మళ్ళీ బయటికి తీయండి.